మోటారుకు తోక ఎందుకు?

"బావా, తలుపేసి కూర్చోండి. ఈ పని మీ వల్లే అవుతుంది" అన్నాడు చీఫ్.

ఆ మాట వినగానే బావగారి గుండె జారిపోయింది. చీఫ్ అలా అన్నప్పుడల్లా ఆయనకు ఏదో ఒక ఎముక విరుగుతూ వచ్చింది.

డిపార్ట్‌మెంట్‌లో గేటు దగ్గర సెంట్రీ నుంచి వైర్‌లెస్ ఆపరేటర్ దాకా అందరూ ఆయన్ని బావగారనే పిలుస్తారు. చీఫ్‌కి ఆయన సొంత అక్క మొగుడు కావడమే కారణం. సీక్రెట్ ఏజెంట్‌గా ఆయనకు ఒక కోడ్ నంబర్ కూడా ఉంది, కాని అది ఆయనకే సరిగ్గా గుర్తుండదు. ఇంట్లో బావమరిదిని "ఒరేయ్" అంటారు, ఆఫీసులో "సార్" అంటారు. ఆ రెండూ ఒకదానిలో ఒకటి దూరకుండా చూసుకోవడానికే ఆయన ట్రైనింగ్ సగం ఖర్చయిపోయింది.

"చెప్పండి సార్."

చీఫ్ టేబుల్ మీద ఒక ఫొటో పెట్టాడు. నెరిసిన జుట్టు, తెల్లకోటు, ఎదుటివాడి తప్పు అప్పుడే పట్టుకున్నట్టున్న చూపు.

"ఈవిడ డాక్టరమ్మ. మన బయాలజీ ఇన్‌స్టిట్యూట్‌లో సైంటిస్టు. మనిషి కణాల్లో సరుకులు మోసే మోటార్లుంటాయట. వాటిని ఆపేసే మందు కనిపెట్టింది. ఒక్క చిన్న సీసా ఉంది. దానికోసం విదేశీ ముఠా ఒకటి దిగింది."

"ఆపేస్తే ఏమవుతుంది సార్?"

"నరాలు చచ్చిపోతాయి. రంగు లేదు, రుచి లేదు. నెలాఖర్లో సరిహద్దు చర్చలు. మన మంత్రులంతా ఒకే బల్ల చుట్టూ కూర్చుని ఒకే జగ్గులో నీళ్ళు తాగుతారు." చీఫ్ గొంతు తగ్గించాడు. "ముఠా మకాం ఎక్కడో తెలీదు. కనుక్కోడానికి మన మనిషిని వాళ్ళలోకి పంపించాం. కోడ్ నేమ్ నెమలి. మైక్రోస్కోప్ రిపేరు చేసేవాడిగా మీరు ల్యాబ్‌లోకి వెళ్ళండి. నెమలి వచ్చి కలుస్తుంది. తను ఎలా చెబితే అలా చేయండి."

"గాడ్జెట్ ఏమైనా ఇస్తారా?"

చీఫ్ సొరుగులోంచి ఒక స్క్రూడ్రైవర్ తీశాడు. "పిడి చివర నొక్కితే మాకు సిగ్నల్ వస్తుంది. ఒక్కసారి నొక్కండి, చాలు. జీపు బయల్దేరిపోతుంది. మీకేమన్నా అయితే అక్క నన్ను బతకనివ్వదు."

మర్నాడు పొద్దున్నే బావగారు నీలం ఓవరాల్ వేసుకుని, అంటించిన మీసాలతో, పనిముట్ల సంచీతో ఇన్‌స్టిట్యూట్ మెట్లెక్కారు.

డాక్టరమ్మ ల్యాబ్‌లో ఒక మూల ఫ్రీజర్ గుర్రు పెడుతోంది. ఇంకో మూల డాక్టరమ్మ ఒక స్టూడెంట్ మీద ఒంటికాలి మీద లేస్తోంది.

"కంట్రోల్ ఏది?"

"మేడమ్, మందు వేశాను, మోటార్లు ఆగలేదు. అంటే మందు పనిచేయలేదనేగా?"

"మందే పనిచేయలేదో, నీ పరీక్షే తప్పో ఎలా తెలిసింది? తప్పకుండా ఆగుతుందని ముందే తెలిసిన స్లైడ్ పక్కన ఉండొద్దూ? అదేదీ లేకుండా తీర్పు చెప్పడానికి నువ్వేమైనా జడ్జివా? పో, మళ్ళీ చెయ్యి."

ఆ పిల్ల కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళిపోయింది. డాక్టరమ్మ అదే ఊపులో బావగారి వైపు తిరిగింది. "సెక్యూరిటీ పంపిన మనిషి మీరేనా బాబూ? మీసం ఎడమవైపు ఊడుతోంది. నొక్కుకోండి."

బావగారు మీసం నొక్కుకున్నారు. ఈవిడ కళ్ళముందు తప్పు చేసి బతికి బట్టకట్టడం కష్టమని అర్థమైంది. లిఫ్టు మీద అంటించిన నోటీసులో కూడా ఎర్రసిరా దిద్దుబాట్లు ఆయన వస్తూ చూశారు.

లెన్స్ తుడుస్తున్నట్టు నటిస్తూ, అసలు ఈ మోటారేమిటని అడిగారు. డాక్టరమ్మ మొహం వికసించింది. అడిగేవాడు దొరక్క మొహం వాచిపోయినట్టుంది పాపం.

"ప్రొటీన్‌తో చేసిన కూలీ అనుకోండి. రెండు కాళ్ళు, పొడుగాటి నడుము, చివర తోక. కాళ్ళతో కణంలో ఉన్న పట్టాల మీద అడుగులో అడుగేసుకుంటూ నడుస్తుంది. తోకతో సరుకు పట్టుకుంటుంది."

"సరుకు లేనప్పుడో?"

"అదే అందం. ఖాళీగా తిరిగితే ఇంధనం దండగ కదా. అందుకని నడుం దగ్గర మడుచుకుని, తోకతో తన కాళ్ళని తనే కట్టేసుకుంటుంది. సరుకు వచ్చి తోకని పట్టుకుంటే కట్టు ఊడుతుంది. లేచి నడుస్తుంది."

"మా డిపార్ట్‌మెంట్ కూడా అంతేనమ్మా. పని అప్పజెప్పేదాకా కుర్చీలో మడుచుకుని ఉంటాం."

డాక్టరమ్మ నవ్వింది. ఫ్రీజర్ తెరిచి, చిటికెనవేలంత సీసా తీసి చూపించింది. "ఈ మందు ఆ కట్టు మీద సీలు వేసేస్తుంది. సరుకు వచ్చి ఎంత లాగినా విడదు. నడుం దగ్గర్నుంచి కాలి బొటనవేలి దాకా ఒకే నరం సాగి ఉంటుంది. దాని తిండీ తిప్పలూ పైన తయారై కిందికి రావాలి. కూలీలు పడుకుంటే ముందు పాదాలు మొద్దుబారతాయి. తర్వాత మోకాళ్ళు. తర్వాత చేతులు."

బావగారు తన బూట్లలో వేళ్ళు ఒకసారి కదిపి చూసుకున్నారు. "ఇలాంటిది ఎందుకు చేశారమ్మా?"

డాక్టరమ్మ సీసాని జాగ్రత్తగా లోపల పెట్టింది. "మా తమ్ముడికి ఆ కట్టు దానంతటదే బిగుసుకుపోయింది. పుట్టుకతోనే ఉన్న లోపం. ఇప్పుడు కర్రల మీద నడుస్తున్నాడు, ఇంకొన్నాళ్ళు పోతే అదీ ఉండదు. బిగించేది ఎక్కడ పట్టుకుంటుందో తెలిస్తే విప్పేది దొరుకుతుంది. సగం దారిలో ఉన్నాను బాబూ. ఈ సగాన్ని దొంగలెత్తుకుపోతే నేనేం కాను?"

బావగారు లెన్స్‌ని ఇంకాస్త తుడిచారు.

మధ్యాహ్నం నెమలి వచ్చింది. రసాయనాలమ్మే కంపెనీ సేల్స్ మేనేజరు వేషం. నల్లకళ్ళద్దాలు, ఎత్తుమడమల చెప్పులు, ల్యాబ్‌లోని అన్ని ఘాటు వాసనల్నీ ఓడించే సెంటు. కారిడార్లో ఉన్న స్టూడెంట్లంతా ఒక్కసారిగా పని గుర్తొచ్చినట్టు ల్యాబ్‌లోకి వచ్చేశారు.

"లెన్స్‌కి ఫంగస్ పట్టిందా?" అని అడిగింది బావగారిని. అది కోడ్.

"వానలు కదండీ, పట్టక చస్తుందా" అన్నారు ఆయన. అది జవాబు.

నెమలి పక్కకు పిలిచి గుసగుసగా చెప్పింది. "ముఠాకి ఈ ఫ్రీజర్ తాళం నంబరు కూడా తెలిసిపోయింది. సీసానీ, మేడమ్‌నీ వెంటనే సేఫ్ హౌస్‌కి మార్చాలి. చీఫ్ ఓకే అన్నారు. కారు కింద ఉంది."

బావగారు చీఫ్‌కి ఫోన్ చేశారు. ఓకే అన్నమాట నిజమే. నెమలి మాట చీఫ్‌కి వేదం.

సీసాని ఐసు డబ్బాలో పెట్టుకుని ముగ్గురూ కారెక్కారు. ముందు సీటులో గోడలాంటి మనిషొకడు కూర్చుని ఉన్నాడు. కారు మలుపు తిరగ్గానే తలుపులు టకటకా లాకయ్యాయి. గోడలాంటి మనిషి వెనక్కి తిరిగి పిస్తోలు చూపించాడు, బావగారి సంచీ లాక్కున్నాడు, స్క్రూడ్రైవర్ తీసి తన జేబులో పెట్టుకున్నాడు.

"సారీ బావగారూ" అంది నెమలి అద్దంలో లిప్‌స్టిక్ సరిచేసుకుంటూ. "మీవాళ్ళు మర్యాదస్తులే, కాని ముఠావాళ్ళు ఫ్లాటిస్తామన్నారు."

డాక్టరమ్మ బావగారి వైపు చూసింది. ఆ చూపుకి ఆయనకి సిగ్గుతో తల వాలిపోయింది. కాపాడటానికి వచ్చినవాడే ఆమెనీ, సీసానీ ఐసులో పెట్టి మరీ అప్పజెప్పాడు.

కారు ఆగిన ఇంట్లో ఒక గదంతా ఖాళీ చేసి మైక్రోస్కోప్ పెట్టారు. అదరకుండా ఉండటానికి గాలి కొట్టిన స్కూటర్ ట్యూబుల మీద నల్లరాతి పలక, దానిమీద యంత్రం. పక్కన పెద్ద స్క్రీను. బావగారినీ డాక్టరమ్మనీ రెండు కుర్చీలకు కట్టేశారు, చేతులు వెనక్కి విరిచి. ఇద్దరి మధ్యా స్టీలు ట్రేలో ఒక సిరంజి.

లోపలి గదిలోంచి ఒక బక్కపల్చటి పెద్దమనిషి చేతులకు గ్లవ్స్ వేసుకుంటూ వచ్చాడు. ముఠా ప్రొఫెసరు. వాళ్ళ దేశంలో మన భాషని పాతకాలపు పుస్తకాల్లోంచి నేర్చుకున్నట్టున్నాడు.

"మిమ్ములను బంధించుటకు మిక్కిలి చింతించుచున్నాను" అన్నాడు వంగి నమస్కారం పెడుతూ. "ముందుగా ఈ ఔషధమును గాజుపలకపై పరీక్షింతును. మోటార్లు నిలిచిపోయినచో ఔషధము సత్యము. పిదప కొంత ఈ మెకానిక్కునకు గుచ్చెదము. తక్కినది ఓడలో పోవును."

"ఇంత మర్యాదగా ఎవరూ నన్ను చంపుతామనలేదండీ" అన్నారు బావగారు. స్క్రూడ్రైవర్ గోడమనిషి జేబులో ఉంది. కట్లు బిగువుగా ఉన్నాయి. మందు అసలుదేనని ఆయనకి తెలుసు. చెయ్యగలిగింది ఒక్కటీ లేదు.

ప్రొఫెసరు ఐసులోంచి తన సొంత ట్యూబు తీశాడు. "ఇది నా స్వహస్తములతో శుద్ధి చేసిన మోటారు. దేశదేశముల విద్యార్థులు దీనినే వాడుదురు. అనవసరపు భాగములను ఖండించి వేసితిని. దీనివలె చక్కగ నడచునది లోకమున లేదు."

డాక్టరమ్మ తల చటుక్కున పైకి లేచింది. నోరు తెరిచింది. మళ్ళీ మూసుకుంది.

స్క్రీను మీద నల్లటి చీకట్లో పచ్చటి గీతలు కనిపించాయి. అవి పట్టాలు. వాటి మీద ఎర్రటి చుక్కలు ఒకదాని వెనక ఒకటి వడివడిగా నడుస్తున్నాయి. మైక్రోస్కోప్‌కి తగిలించిన కెమెరా కొంచెం వదులైంది. గోడమనిషి జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి, పిడి చివర అరచేత్తో అదిమి అదిమి స్క్రూ బిగించాడు. బావగారి గుండె ఒక్కసారి లేచి కూర్చుంది. ఒక్కసారి నొక్కితే జీపు వస్తుందన్నాడు చీఫ్. వీడు ఎన్నిసార్లు నొక్కాడో లెక్కే లేదు!

ప్రొఫెసరు డాక్టరమ్మ సీసాలోంచి ఒక బొట్టు తీసి పలక మీద వేశాడు.

బావగారు ఎర్రచుక్కల్ని రెప్పవేయకుండా చూశారు. ఇప్పుడు ఆగుతాయి. ఇదిగో, ఇప్పుడు. బూట్లలో వేళ్ళు కదుపుతూనే ఉన్నారు, ఇంకాసేపట్లో అవి తనవి కావన్నట్టు. భార్య గుర్తొచ్చింది. నీళ్ళజగ్గు ముందు కూర్చోబోయే మనుషులు గుర్తొచ్చారు. వీధిలో జీపు చప్పుడు లేదు.

చుక్కలు ఆగలేదు.

ప్రొఫెసరు ఇంకో బొట్టు వేశాడు. తర్వాత ఏకంగా ధార పోశాడు. చుక్కలు పెళ్ళివారిలా నడుస్తూనే ఉన్నాయి.

"ఇది వట్టి నీరు" అన్నాడు ప్రొఫెసరు. మొదటిసారి అతని మర్యాద సడలింది. నెమలి వైపు తిరిగాడు. "నీవు మాకు నీటిని అమ్మితివి."

నెమలి మొహంలో రంగు పోయింది. "లేదు సార్! ఫ్రీజర్లోంచి నా కళ్ళముందే తీశారు. మేడమ్, మీరు చెప్పండి! అసలుదేనని చెప్పండి! వీళ్ళు నన్ను ఊరుకోరు మేడమ్!"

అందరూ డాక్టరమ్మ వైపు చూశారు. బావగారూ చూశారు. ఆమె మెడ మీద నరాలు ఉబ్బి ఉన్నాయి, పెదవులు పళ్ళకింద నలుగుతున్నాయి. ఇది భయం కాదని ఆయనకి అర్థమైంది. పొద్దున ఆ పిల్ల మీద లేచేముందు కూడా ఆమె మొహం ఇలాగే ఉంది. ఏదో తప్పు జరిగింది. ఆ తప్పు ఏమిటో ఈ గదిలో ఈవిడ ఒక్కదానికే తెలుసు. దాన్ని చెప్పకుండా ఉండటం ఈవిడ వల్ల అయ్యే పని కాదు.

వద్దమ్మా, అన్నారు బావగారు మనసులో. జన్మలో ఈ ఒక్క తప్పూ దిద్దకండి.

"మీ పరిశోధన పత్రమును నేను చదివితిని" అన్నాడు ప్రొఫెసరు ఆమె ముందు నిలబడి. "అందు మోటార్లు నిలిచినవని వ్రాసితిరి. నా పరీక్షలో లోపమున్నదా?"

ట్యూబుల్లోంచి సన్నగా గాలి పోతున్న చప్పుడు వినిపిస్తోంది.

"లేదు" అంది డాక్టరమ్మ. ఆ ఒక్కమాట బయటికి రావడానికి ఆమె ఒళ్ళంతా వణికింది. "మీ పరీక్ష సరిగ్గానే ఉంది. నేను రాసిందే అబద్ధం. మందు ఎప్పుడూ పనిచేయలేదు. ప్రమోషన్ కోసం రాశాను."

కళ్ళవెంట నీళ్ళు జలజలా కారాయి. అంత నిజమైన ఏడుపు చూశాక ఎవరికీ అనుమానం మిగల్లేదు.

గోడమనిషి ఏదో ఒకటి చేయకపోతే బాగోదన్నట్టు సిరంజి తీసుకుని, సీసాలో మిగిలింది అందులోకి లాగాడు. "ఎలాగూ కట్టేశాం కద్సార్. ఒకసారి గుచ్చి చూద్దాం."

సూది చల్లగా బావగారి మెడకి తగిలింది. ఆయన కళ్ళు మూసుకున్నారు. ప్రార్థించడానికి కూడా మాట తోచలేదు.

"ఆగుము, మూర్ఖుడా!" అన్నాడు ప్రొఫెసరు. "వీరిలో ఎవనికి తుమ్ము వచ్చినను, ఈమె ఔషధము సత్యమని లోకము నమ్మును. శవము కంటె గొప్ప రుజువు లేదు. ఇట్టి మోసగత్తె బ్రతికియుండి నవ్వులపాలు కావలె."

సూది మెడ మీంచి పోయింది. సిరంజి, సీసా రెండూ చెత్తబుట్టలో పడ్డాయి. వాళ్ళు నెమలిని రెక్కపట్టుకుని లాక్కుంటూ వెళ్ళిపోయారు. గుమ్మం దగ్గర ఆమె వెనక్కి తిరిగి చూసింది. బావగారికి జాలేసింది, కాని ఆ జాలితో ఏం చెయ్యాలో తెలియలేదు.

జీపు చాలాసేపటికి వచ్చింది.

"బావా! మీకేం కాలేదు కదా?" చీఫ్ కట్లు కోస్తూ అన్నాడు. "ఒక్క సిగ్నల్ వస్తే పరిగెత్తుకొచ్చేవాళ్ళం. పోలోమని వరసపెట్టి వస్తుంటే యంత్రం పాడైందనుకుని రిపేరుకి కూర్చున్నారు మావాళ్ళు."

"ఒరేయ్" అన్నారు బావగారు, ఆఫీసు పనిలో ఉన్నామన్న సంగతి మర్చిపోయి.

బావగారు జరిగిందంతా చెబుతుంటే, చీఫ్ గ్లవ్స్ వేసుకుని బుట్టలోంచి సీసా, సిరంజి తీసి జాగ్రత్త చేశాడు. అప్పటిదాకా బిగబట్టిన డాక్టరమ్మ ఇక ఆగలేకపోయింది.

"తోక కోసేశాడు! మోటారుకి తోక కోసేసి తెచ్చాడు! తోక ఉంటేగా అది మడుచుకునేది? మడుచుకుంటేగా నా మందు సీలు వేసేది? తోకలేని మోటారు ఎవడు చెప్పినా ఆగదు, అలా నడుస్తూనే ఉంటుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుందని పిల్లలకి చూపించడానికి అందరం వాడతాం. దాంతో నా మందుని పరీక్షిస్తాడా? పక్కన కంట్రోల్ స్లైడ్ ఒక్కటైనా లేకుండా? ఉద్యోగంలో చేరినప్పటినుంచీ ఇలాంటిది చూసి నోరుమూసుకున్న పాపాన పోలేదు నేను!"

"అమ్మా, మీరు దేశాన్ని కాపాడారు" అన్నాడు చీఫ్.

"అది సరే. వాడెక్కడ? వాడికి చెప్పాలి నేను."

చీఫ్ మొహం పక్కకు తిప్పుకున్నాడు. "చెప్పకూడదమ్మా. వాడికే కాదు, ఎవరికీ. మందు పనిచేస్తుందని తెలిస్తే రేపే మళ్ళీ వస్తారు. వాణ్ణి అరెస్టు చేసినా కోర్టులో ఆ సంగతి చెప్పాలి. అందుకే వాడిని వదిలేస్తున్నాం. మీరన్నమాటే నిలబడాలి."

"నేనన్నమాటంటే... నేను అబద్ధం రాశానన్నదా?"

"అదేనమ్మా."

డాక్టరమ్మ లేచి జీపు వైపు నడిచింది. ఆమె తిట్టుంటే బాగుండేదనిపించింది బావగారికి.

నీళ్ళజగ్గు చర్చలు ప్రశాంతంగా ముగిశాయి. నెమలి ఓడరేవులో ఎవరినో మాటల్లో పెట్టి తప్పించుకుందనీ, ఇప్పుడు ఇంకెక్కడో ఇంకే కంపెనీకో సేల్స్ మేనేజరనీ కబురొచ్చింది. ప్రొఫెసరు మాత్రం తను చూసింది చూసినట్టు సైంటిస్టులందరికీ చెప్పుకుంటూ పోయాడు. అతని దృష్టిలో అది పచ్చినిజం. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు డాక్టరమ్మకి గ్రాంట్ ఆపేశారు. స్టూడెంట్లు వేరే ల్యాబుల్లోకి మారిపోయారు. మెట్లకింద గదిలో ఒక పాత మైక్రోస్కోప్‌తో ఆమె ఇంకా విప్పే మందు వెతుకుతూనే ఉంది. ఆ మైక్రోస్కోప్ రిపేరు చేయడానికి బావగారు ఈసారి నిజంగానే పని నేర్చుకున్నారు. డాక్టరమ్మ తమ్ముడు మంచమెక్కాడు. ఆ మాట ఆమె చెప్పలేదు. బావగారే కనుక్కున్నారు, కనుక్కుని ఏమీ చేయలేకపోయారు.

అలాంటి రోజుల్లో ప్రొఫెసరు పెద్ద శాస్త్రవేత్తగా, తన అసలు పేరుతోనే, ఇన్‌స్టిట్యూట్‌కి అతిథిగా వచ్చాడు. ఉపన్యాసం పేరు 'మోసమును గుర్తించుట యెట్లు'. డాక్టరమ్మ మొదటి వరసలో కూర్చుంటానంది. బావగారు పక్కన కూర్చున్నారు, చీఫ్ ఆర్డరు మీద.

స్క్రీను మీద ఆనాడు కెమెరా తీసిన ఫిల్ము, అవే పచ్చగీతలు, ఎర్రచుక్కలు. అందులో మందు బొట్టు పడింది. చుక్కలు నడుస్తూనే ఉన్నాయి. హాలంతా నవ్వింది. కొందరు డాక్టరమ్మ వైపు చూసి మరీ నవ్వారు. ఆమె కుర్చీ చేతుల్ని గట్టిగా పట్టుకుని స్క్రీనునే చూస్తూ కూర్చుంది.

"ఎవరికైనను ప్రశ్నలు గలవా?" అన్నాడు ప్రొఫెసరు.

డాక్టరమ్మ కుడిచెయ్యి పైకి లేచింది. ఆమె లేపినట్టు లేదు, దానంతటదే లేచినట్టుంది. బావగారు ఆ చెయ్యి పట్టుకున్నారు. ఆమె బలమంతా పెట్టి గుంజుకుంది. ఆయన వదల్లేదు. "క్షమించండమ్మా" అంటూ మెల్లగా కిందికి దించి, హాలు ఖాళీ అయ్యేదాకా రెండు చేతులతో పట్టుకునే కూర్చున్నారు.

ఆ సాయంత్రం ఆపరేషన్ రిపోర్టులో 'ఏజెంట్ బలప్రయోగం చేసిన సందర్భాలు' అన్నచోట బావగారు తన సర్వీసులో మొదటిసారి ఒక వాక్యం రాశారు: 'ఒక పెద్దావిడ ఎత్తిన చెయ్యిని కిందికి దించడమైనది.'